ట్యాబులు కొనే ముందు: లంక ఊళ్లో పెద్దవాళ్ల చదువు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీది గోదావరి పాయల మధ్య ఉన్న లంక గ్రామం. విదేశాల్లో స్థిరపడిన ఊరివాళ్లు కొంత డబ్బు పంపారు. దానితో ఇరవై ట్యాబులు కొని, గ్రంథాలయం గదిలో పెట్టి, చదువురాని ఆడవాళ్లకు రాత్రి బడి నడపాలన్నది మీ యువజన సంఘం ఆలోచన. ఏ యాప్ మంచిది, టీచరు లేకుండా వీడియో పాఠాలతో నెట్టుకురావచ్చా, మధ్యలో బడి మానేసినవాళ్లకు దూరవిద్యలో పదో తరగతి కట్టించవచ్చా అని మూడు ప్రశ్నలు అడిగారు. నేను సంపూర్ణ అక్షరాస్యతా ఉద్యమం రోజుల్లో ఈ పనిలోకి వచ్చాను. కేంద్రం వారి వయోజన విద్యా పథకం సాక్షర భారత్ 2018లో ఆగిపోయేదాకా ఉద్యోగరీత్యా, ఆ తర్వాత ఇష్టం కొద్దీ, రాజోలు, నరసాపురం వైపు పెద్దవాళ్లతో అక్షరాలు దిద్దిస్తూనే ఉన్నాను. చూసినది చెబుతాను.

ట్యాబులు కొనకండి. సాంకేతికత మీద కోపంతో అంటున్న మాట కాదిది. నా దగ్గర చదువుకునేవాళ్లలో సగం పని ఫోను మీదే నడుస్తుంది. కానీ ఆ ఫోను వాళ్లది. కొంగున కట్టుకుని తిరిగేది, కొడుకు కువైట్ నుంచి మాట్లాడేది, బ్యాంకు మెసేజ్ వచ్చేది అందులోనే. గ్రంథాలయం బీరువాలో తాళం వేసి ఉన్న ట్యాబు మీద నేర్చుకున్నది ఆ గది గడప దాటదు. పైగా తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న తగాదా మొదటి నెలలోనే వస్తుంది. ఒక ఊళ్లో దాతలు ఇచ్చిన ట్యాబులు పాడవుతాయన్న భయంతో అట్టపెట్టెల్లోంచే తీయలేదు. బ్యాటరీలు అలాగే చచ్చిపోయాయి.

బయటి నుంచి వచ్చే పరికరంతో ఇంకో చిక్కు ఉంది. అది ఎవరిదో వాళ్లు వెనక్కి తీసుకున్న రోజు చదువూ ఆగుతుంది. 1975 ఆగస్టులో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు చూపించే ‘సైట్’ ప్రయోగం మొదలైంది. ఆరు రాష్ట్రాల్లో సుమారు 2,400 గ్రామాలు. వాటిలో మన ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి. సేద్యం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ, పిల్లల పాఠాలు, అన్నీ ప్రసారం చేశారు. ఉపగ్రహం అమెరికాది. ఏడాది గడువు తీరి 1976 జులై 31న ప్రసారాలు ఆగిపోయాయి. ప్రయోగంగా అది గొప్పదే, మన దేశపు సొంత ఉపగ్రహ ప్రసారాలకు అది దారి వేసింది. అయితే సాయంత్రం పంచాయతీ ఆఫీసు ముందు చాప వేసుకుని కూర్చున్న మనిషికి మిగిలింది నల్లగా ఉన్న టీవీ పెట్టె. మీరు కొనబోయే యాప్‌కు ఏడాది చందా ఉంటే, మూడో ఏడు ఎవరు కడతారో ముందే అడగండి.

మరి ఆ డబ్బు దేనికి? నన్నడిగితే మొదటి ఖర్చు కళ్లద్దాలు.

నవ్వకండి. నలభై దాటినవాళ్లకు చత్వారం వస్తుంది. చదువుకున్నవాళ్లం కనుక మనం వెంటనే గుర్తుపట్టి అద్దాలు పెట్టుకుంటాం. చదవనివాళ్లకు ఆ లోటు సూదిలో దారం ఎక్కించేటప్పుడో, బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడో తప్ప తెలియదు. అలాంటి మనిషి ముందు ఐదంగుళాల తెర పెట్టి ‘థ’కీ ‘ధ’కీ తేడా చెప్పమంటే ఏం చెబుతుంది? ఆ పొట్టలో చుక్క ఆమెకు కనిపించదు. ‘ప’ పక్కన ‘ష’, ‘మ’ పక్కన ‘వ’, కింద ఒత్తులు, అన్నీ అలికేసినట్టు ఉంటాయి. ‘నాకు బుర్ర లేదమ్మా’ అని ఆమె లేచి వెళ్లిపోతుంది, మనమూ అదే నిజమని రాసుకుంటాం. అమలాపురంలోనో పాలకొల్లులోనో ఉన్న కంటి డాక్టరును ఒక ఆదివారం ఊరికి పిలిపించండి. చత్వారం అయితే వంద, రెండు వందల రూపాయల అద్దాలు చాలు. శుక్లాలు ఉంటే ఆ సంగతీ బయటపడుతుంది. ఆ తర్వాత ప్రతి ఫోనులో అక్షరాల సైజు పెంచే సెట్టింగు మార్చండి. ఈ రెండు పనులతో పెరిగినంత హాజరు నేను ఏ యాప్‌తోనూ చూడలేదు.

రెండో ఖర్చు మనిషి. ఊళ్లోనే ఉండే, ఇంటర్ దాకా చదివిన ఒక కోడలో, డ్వాక్రా సంఘాల పుస్తకాలు రాసే అమ్మాయో. నెలకు ఎంతో కొంత గౌరవ వేతనం ఇవ్వండి. ఉచిత సేవ మీద నడిచే బడి ఊడ్పులు రాగానే మూతపడుతుంది. ఇక్కడ ఒక చిన్న సంగతి గుర్తుంచుకోండి: అత్తగారు సొంత కోడలి దగ్గర నేర్చుకోదు. పక్కింటి కోడలి దగ్గర నేర్చుకుంటుంది, మనవరాలి దగ్గర ఇంకా బాగా నేర్చుకుంటుంది. జంటలు కలిపేటప్పుడు ఇది చూసుకోకపోతే ఎంత మంచి పాఠమైనా ముందుకు సాగదు.

దీనిలోనే మీ రెండో ప్రశ్నకు జవాబు ఉంది. టీచరు లేకుండా వీడియోలతో నడుస్తుందా అంటే, ప్రపంచంలో బాగా నడిచిన దూరవిద్య ఏదీ అలా నడవలేదు. కొలంబియాలో 1947లో మొదలైన సుతాతెంజా రేడియో బడి రైతులకు రేడియోలోనే చదువు చెప్పింది. కానీ ప్రతిచోటా రేడియో పక్కన బల్ల మీద పుస్తకం తెరిచి, వేలు పెట్టి చూపించే ఇరుగుపొరుగు మనిషి ఒకరు ఉండేవారు. క్యూబావాళ్లు తయారుచేసిన ‘యో సీ ప్యుయెదో’ పద్ధతిలో 65 వీడియో పాఠాలు ఉంటాయి. చాలా దేశాలు దాన్ని వాడుకున్నాయి, 2006లో యునెస్కో బహుమతి కూడా వచ్చింది. అందులోనూ ప్రతి గుంపుకూ ఒక సహాయకుడు తప్పనిసరి. మన దగ్గరే టీసీఎస్ సంస్థ 2000లో మెదక్ జిల్లా బీరంగూడలో కంప్యూటర్ ఆధారిత అక్షరాస్యతను మొదలుపెట్టింది. అక్షరమాల వరస కాకుండా మాటల్ని బొమ్మతో, శబ్దంతో కలిపి చూపిస్తూ, రాయడం పక్కన పెట్టి చదవడం మీదే దృష్టి పెట్టి, సుమారు 40 గంటల్లో తేలిక వాక్యాలు చదివించవచ్చన్నారు. పాత పద్ధతిలో 200 గంటలు పట్టేదాన్ని అంత కుదించడం చిన్న విషయం కాదు. అక్కడా కంప్యూటర్ పక్కన ఒక బోధకుడు కూర్చున్నాడు. కంప్యూటర్ చేసింది ఏమిటంటే, ఆ బోధకుడికి పెద్ద శిక్షణ అక్కర్లేకుండా చేసింది.

యంత్రం బాగా చేసే పని ఒకటుంది. విసుగు లేకుండా మళ్లీ మళ్లీ చెబుతుంది. మనిషి మూడోసారికి గొంతు పెంచుతాడు, ఫోను ముప్పయ్యోసారి కూడా అదే స్వరంతో చెబుతుంది. కాబట్టి కొత్త అక్షరం పరిచయం చేసే పని మనిషికి, మళ్లీ మళ్లీ చేసే అభ్యాసం ఫోనుకు అప్పగించండి. నేను పాటించే పద్ధతి చెబుతాను, మీ వీలును బట్టి మార్చుకోండి.

అంకెలతో మొదలుపెడతాను. ఫోను చేయడం వల్ల సున్నా నుంచి తొమ్మిది దాకా దాదాపు అందరూ గుర్తుపడతారు. తమకు వచ్చినదానితో మొదలైతే భయం పోతుంది. క్యూబా పద్ధతిలో అక్షరాన్ని అంకెకు జత చేయడం వెనక ఆలోచనా ఇదే. ఆ తర్వాత వాళ్ల ఫోనులోనే ఉన్న పేర్లు. చదువురాని ఆడవాళ్ల ఫోనుల్లో పేర్లన్నీ పిల్లలు ఇంగ్లిషులో ఎక్కించి ఉంటారు. కూతురి పేరు పక్కన ఫొటో పెట్టుకుని గుర్తుపడతారు. మొదటి వారంలోనే ఆ పేర్లన్నీ తెలుగులోకి మార్పించండి. కూతురి పేరు, చెల్లెలి పేరు, పాలు పోసే అతని పేరు. రోజూ కనిపించే ఆ డజను పేర్లే మొదటి వాచకం. అ, ఆ, ఇ, ఈ దగ్గర కూర్చోబెడితే ‘అమ్మ ఆవు’ దగ్గరే సిగ్గుపడి ఆగిపోతారు. యాభై ఏళ్ల మనిషిని ఒకటో తరగతి బెంచీ మీద కూర్చోబెట్టినట్టే అది.

పేర్ల తర్వాత మాటలు. మన నేల మాటల్లో గుణింతం లేనివి ఏరండి: వల, పడవ, వరద. ఆ మూడింటిలో ఆరు అక్షరాలు వచ్చేశాయి. వాటితోనే దవడ, దడ వస్తాయి. ‘క’ ఒక్కటి కలపండి, పలక, కలప, కడవ, పడక వరసగా వచ్చి పడతాయి. మనం నేర్పని మాట తనంతట తాను చదివిన ఆ క్షణం కోసమే ఈ ఏర్పాటంతా. టీచరు ఆ రోజు మాటల్ని రెండు నిమిషాల వాయిస్ మెసేజ్‌గా వాట్సాప్ గుంపులో పెట్టాలి, పక్కనే ఆ మాటలు పెద్ద అక్షరాలతో రాసిన కాగితం ఫొటో పెట్టాలి. వీడియో వద్దు. రెండు నిమిషాల వాయిస్ కొన్ని వందల కేబీలు దాటదు. వీడియో అయితే రోజు డేటాను సాయంత్రానికల్లా మనవలు ఖాళీ చేసేసి ఉంటారు, పాఠం తెరుచుకోదు.

ఇక నాకు బాగా నచ్చినది, ఏ యాప్ అమ్మేవాడూ చెప్పనిది: తెలుగు కీబోర్డులోని మైకు గుర్తు. మాట్లాడితే తెర మీద తెలుగు అక్షరాలు పడతాయి. కొంచెం అక్షరాలు పట్టుబడ్డాక, ఒక్కొక్కరినీ తన సొంత మాట ఒకటి చెప్పమంటాను. ‘నిన్న మా గేదె ఈనింది’ అంటుంది ఒకామె. అది తెర మీద కనబడుతుంది. ఆ వాక్యం ఆమెదే, అర్థం ముందే తెలుసు, కాబట్టి చదవడం సగం పని అయిపోయినట్టే. వేలు పెట్టి ఒక్కొక్క మాటా చదువుతుంది. యంత్రం ఒక్కోసారి తప్పు రాస్తుంది, ‘గేదె’ బదులు ఇంకేదో పడుతుంది. అప్పుడు చూడాలి ఆ గదిలో సందడి. ‘ఇది నేనన్న మాట కాదు’ అని పట్టుకున్న మనిషి చదువుతున్నట్టే లెక్క. ఆ వాక్యాల్ని వారానికోసారి ఒక కాగితం మీద ప్రింటు తీసి పంచండి. ఆ కాగితాలే కుట్టుకుంటే మీ ఊరి వాచకం అవుతుంది, కొనక్కర్లేదు. రాత కోసం అదే కీబోర్డులో వేలితో రాసే వీలుంది. తప్పు రాసినా ఎవరూ చూడరు. పలక మీద తప్పు పక్కవాళ్లకు కనబడుతుంది.

యాప్‌ల సంగతి అడిగారు కనుక ఒక్క మాట. గూగుల్ వాళ్ల ‘రీడ్ అలాంగ్’ తెలుగులో కూడా ఉంది, చదువుతుంటే విని తప్పులు చెబుతుంది, ఖర్చు లేదు. కానీ అది పిల్లల కోసం చేసినది, కథలూ బొమ్మలూ అలాగే ఉంటాయి. కొందరు ఆడవాళ్లు మనవడితో కలిసి సరదాగా చదువుతారు, కొందరికి చిన్నతనంగా అనిపిస్తుంది. కేంద్రం వారి ఉల్లాస్ యాప్ 2023లో వచ్చింది. పదిహేనేళ్లు దాటినవాళ్ల కోసం 2022 నుంచి నడుస్తున్న నవ భారత సాక్షరతా కార్యక్రమంలో భాగం. చదివేవాళ్లనూ చెప్పేవాళ్లనూ అందులో నమోదు చేయవచ్చు. చివర జరిగే పరీక్షకు 150 మార్కులు: చదవడం, రాయడం, లెక్కలు, ఒక్కోదానికి 50. నమోదు చేయించండి, ధ్రువపత్రం వస్తే ఆడవాళ్లు పటం కట్టించుకుంటారు. కానీ యాప్‌లో పేరు ఎక్కడమే చదువు కాదని మీ సంఘంలో లెక్కలు రాసేవాళ్లకు చెప్పండి.

ఇంతకీ ‘ఫోను మాట్లాడుతుంటే ఇక చదవడం దేనికి’ అని మీ ఊళ్లోనే ఎవరో ఒకరు అంటారు. నాతో ఒక బ్యాంకు ఉద్యోగే అన్నారు. వాయిస్ మెసేజ్‌లతో, బొమ్మల గుర్తులతో పనులు జరిగిపోతున్న మాట నిజమే. కానీ గుర్తుల్ని బట్టి ఫోను వాడేవాళ్లకు యాప్ కొత్త రూపం దాల్చిన రోజు చీకటి పడుతుంది. నీలం గుండ్రం పక్కన ఉండే పచ్చ గుర్తు ఇంకో మూలకు పోతుంది. చదవగలిగినవాళ్లకు అది ఒక నిమిషం చికాకు. చదవలేనివాళ్లు మళ్లీ కొడుకు ఇంటికొచ్చేదాకా ఆగాలి. 2017లో మొదలైన కేంద్ర డిజిటల్ సాక్షరతా పథకం ఇంటికొకరికి, 14 నుంచి 60 ఏళ్ల వారికి, 20 గంటల శిక్షణ ఇచ్చింది. చదవడం వచ్చినవాళ్లు దానితో బాగుపడ్డారు. రానివాళ్లు నొక్కాల్సిన చోట్లు బట్టీపట్టారు, ఆరు నెలల్లో మరిచిపోయారు.

అసలు నష్టం డబ్బు దగ్గర ఉంది. వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే చోట ‘పడలేదు, మళ్లీ వేయండి’ అంటే మళ్లీ వేస్తారు. రెండుసార్లు ఖాతాలోంచి పోయిందో, ఒక్కసారే పోయిందో చెప్పేది ఆ తర్వాత వచ్చే మెసేజ్. అది ఇంగ్లిషులో ఉంటుంది. కాబట్టి తెలుగు వాచకంతో పాటు నేను నాలుగైదు ఇంగ్లిషు మాటల ఆకారాలు కూడా నేర్పుతాను. డెబిట్, క్రెడిట్, బ్యాలెన్స్, ఓటీపీ. స్పెల్లింగు అక్కర్లేదు, బస్సు బోర్డు గుర్తుపట్టినట్టు గుర్తుపడితే చాలు. ఆ మాట పక్కన ఉన్న అంకె చదవాలి, చేతికొచ్చిన డబ్బుతో సరిచూడాలి. డబ్బు మనకు రావడానికి పిన్ నొక్కనక్కర్లేదు, పిన్ అడిగారంటే డబ్బు పోతోందని అర్థం. ఈ ఒక్క పాఠం పూర్తయ్యాక మా దగ్గర హాజరు పడిపోవడం తగ్గింది. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలని గోడ మీద పెద్దగా రాయించండి. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్‌లో మొదలుపెట్టిన ‘మన మిత్ర’ సేవలు కూడా చదివే అభ్యాసానికి పనికొస్తాయి. అందులో వరస జాబితాలోంచి కావలసినది చదివి ఎంచుకోవాలి. కరెంటు బిల్లు చూసుకోవడం మంచి పాఠం.

కొలత ఒకటి పెట్టుకోండి. జాతీయ సాక్షరతా మిషన్ పెట్టిన ప్రమాణం ప్రకారం తేలిక భాషను నిమిషానికి 30 మాటలు పైకి చదవాలి, చెప్పినది నిమిషానికి ఐదు మాటలు రాయాలి, వంద దాకా అంకెలు రావాలి. ముప్పై మాటల లెక్క ఊరికే పెట్టింది కాదు. కూడబలుక్కుని అంతకన్నా నెమ్మదిగా చదివితే వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతాం. అక్షరాలు వచ్చినా చదువు ఉపయోగంలోకి రాకపోవడానికి, రెండేళ్లలో వెనక్కి పోవడానికి ఇదే ముఖ్య కారణం. నెలకోసారి ఒక్కొక్కరి చదువు ఒక నిమిషం ఫోనులో రికార్డు చేసి దాచండి. మూడో నెలలో మొదటి నెల రికార్డు వినిపించండి. మార్కులు చెప్పనక్కర్లేదు, తేడా ఆమెకే వినబడుతుంది. ముఖాలు వీడియో తీసి బయట పంచుకోవడం మాత్రం వద్దు. దాతలు ఫొటోలు అడుగుతారు, బోర్డు ఫొటో పంపండి. చదువురాదన్న సంగతి తన కూతురి అత్తవారికి తెలియకూడదని దాచుకున్నవాళ్లు మీ బడిలో తప్పకుండా ఉంటారు.

ఇక వేళలు. రాత్రి బడి అన్నారు. మీ ఊళ్లో ఆడవాళ్లు ఏ పని చేస్తారో చూసి గంట పెట్టండి. కూలికి వెళ్లేవాళ్లకు జులై, ఆగస్టుల్లో సార్వా (తొలకరి వరి) ఊడ్పులు, నవంబరు, డిసెంబరుల్లో కోతలు, ఆ వెంటనే దాళ్వా (రెండో పంట) నాట్లు, ఏప్రిల్‌లో మళ్లీ కోతలు. కుదురుగా దొరికేవి సెప్టెంబరు, అక్టోబరు ఒక విడత, ఫిబ్రవరి, మార్చి ఇంకో విడత. సంక్రాంతి, జగ్గన్నతోట ప్రభల తీర్థం, అంతర్వేది కల్యాణం రోజుల్లో బడి పెట్టినా ఎవరూ రారు. భీమవరం వైపు రొయ్యల షెడ్లకు వెళ్లేవాళ్లకు రాత్రి అసలు కుదరదు, షిఫ్టు దిగాక పొద్దున్నే వస్తారు. నరసాపురం చుట్టూ లేసు అల్లేవాళ్లకు మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మంచి వేళ. చేతుల్లో కొక్కెం, దారం ఉంటాయి కానీ చెవులు ఖాళీ. వాళ్లకు వాయిస్ పాఠం వినిపించి, పది నిమిషాలు మాత్రం దారం పక్కన పెట్టించి కాగితం చూపిస్తే సరిపోతుంది. ఒక్క పువ్వు తగ్గినా కూలి తగ్గుతుంది కాబట్టి అంతకన్నా ఎక్కువ అడగకూడదు.

మీది లంక కాబట్టి దూరవిద్య అసలు అవసరం వరద రోజుల్లో తెలుస్తుంది. గోదావరి పొంగి రేవు ఆగిపోయినప్పుడు, గట్టు మీద ఉన్నప్పుడు, గుంపులో రోజుకొక వాయిస్ వస్తే బడి తెగిపోలేదన్న ధైర్యం ఉంటుంది. ఆ రోజుల పాఠం వరద హెచ్చరికలే. ధవళేశ్వరం దగ్గర ఒకటో ప్రమాద హెచ్చరిక, రెండోది, మూడోది. ఆ మెసేజ్‌ను చదివి పక్కింటివాళ్లకు చెప్పడంకన్నా మంచి పరీక్ష ఉండదు. కరెంటు పోతే ఫోనూ పోతుంది కనుక కాగితం మీద వాచకం ఇంట్లో ఉండితీరాలి. చదువును జనం దగ్గరికి నీటి మీద మోసుకెళ్లడం ఆంధ్రులకు కొత్తేమీ కాదులెండి. 1935లోనే పాతూరి నాగభూషణం గారు కృష్ణా డెల్టా కాలువ మీద పడవ గ్రంథాలయం తిప్పారు.

మగవాళ్లు రారనుకున్నారేమో, వాళ్ల మాటే మీరు ఎత్తలేదు. వస్తారు, కానీ ‘వయోజన విద్య’ అన్న బోర్డు కిందికి రారు. అంతర్వేది, ఓడలరేవు వైపు వేటకు వెళ్లేవాళ్లకు హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ చేపలు దొరికే అవకాశమున్న చోట్ల సమాచారం, సముద్రం ఎలా ఉంటుందో సమాచారం ఇస్తుంది. దిక్కు, దూరం, లోతు, అన్నీ అంకెలూ నాలుగు మాటలూ. దాన్ని చదివి చెప్పే కుర్రాడి కోసం రేవులో ఎదురుచూసే పెద్దవాళ్లను చూశాను. ‘రండి, ఇది చదవడం నేర్పుతాం’ అంటే వారంలోనే పోగయ్యారు. మీ ఊళ్లో కొబ్బరి దింపు పని, చెరువుల పని చేసేవాళ్లుంటే మేత సంచీ మీద, మందు సీసా మీద ఉన్నదే వాళ్ల మొదటి పేజీ.

మూడో ప్రశ్న, పదో తరగతి. చేయించవచ్చు. ఇక్కడ ట్యాబు కన్నా ఇంటర్నెట్టు కన్నా ఒక మంచి గుమాస్తా ముఖ్యం. రాష్ట్ర ఓపెన్ స్కూలు 1991 నుంచి ఉంది. కేంద్రం వారి సార్వత్రిక విద్యాపీఠం 1989లో మొదలైంది, అందరూ ఎన్‌ఐఓఎస్ అంటారు. పధ్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. ఒకసారి నమోదైతే ఐదేళ్ల గడువు, తొమ్మిది అవకాశాలు ఉంటాయి. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది. అంటే కోతలు లేని విడతలో రెండు సబ్జెక్టులు, వచ్చే ఏడు రెండు, ఇలా కట్టుకోవచ్చు. ఒకేసారి ఐదూ కట్టించి ఐదూ పోగొట్టుకునేవాళ్లే ఎక్కువ. గణితం తప్పనిసరి కాదు. అయితే తర్వాత ఏ ఉద్యోగానికో, ఏ కోర్సుకో వెళ్లాలనుకుంటే అక్కడ గణితం, ఇంగ్లిషు అడుగుతారేమో చూసి సబ్జెక్టులు ఎంచండి. ఇంటి దగ్గర రాసి ఇచ్చే అసైన్‌మెంట్లకు 20 శాతం మార్కులు ఉంటాయి. ఆ కాగితాలు గడువులోగా చేరవేయకపోవడం వల్లనే చాలామంది వెనకబడతారు. వాటిని గుర్తుచేయడానికి వాట్సాప్ గుంపు నిజంగా పనికొస్తుంది. మూడో తరగతి, ఐదో తరగతి, ఎనిమిదో తరగతి స్థాయి కోర్సులూ ఎన్‌ఐఓఎస్‌లో ఉన్నాయి. కొత్తగా అక్షరాలు నేర్చినవాళ్లను నేరుగా పదికి తోయకండి.

దరఖాస్తుకు ముందు ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ చూడండి. పాత బడి రికార్డులో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు ఉండటం మామూలే. పరీక్ష హాల్ టికెట్టు దగ్గర ఇది పట్టుకుంటుంది. మార్పులకు గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంట్‌ను జూన్‌లోనే కలవండి. ఆపై డిగ్రీ చదవాలనుకునేవాళ్లకు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో 1972 నుంచి దూరవిద్య ఉంది, కేంద్రం వారి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో ఉంది. ఏ సంస్థ అయినా ఆ ఏడాదికి, ఆ కోర్సుకు, విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో యూజీసీ వెబ్‌సైట్లో చూసుకున్నాకే ఫీజు కట్టించండి. ‘ఆరు నెలల్లో డిగ్రీ’ అని కరపత్రాలు పంచేవాళ్ల మాట నమ్మకండి.

2011 జనాభా లెక్కల్లో అప్పటి తూర్పు గోదావరిలో అక్షరాస్యత 71 శాతం దరిదాపుల్లో, పశ్చిమ గోదావరిలో 74 దాటి ఉంది. ఏడేళ్లు పైబడిన ప్రతి నలుగురిలో ఒకరు మిగిలే ఉన్నారు. వాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఇరవై మందితో మొదలుపెట్టకండి, ఎనిమిది మంది చాలు, ఒకే వీధివాళ్లయితే మరీ మంచిది. దాతలకు ట్యాబుల బదులు ఈ లెక్క పంపండి: కళ్ల పరీక్ష, అద్దాలు, ఒక మనిషికి ఏడాది వేతనం, పెద్దగా వినిపించే చిన్న స్పీకరు ఒకటి, ప్రింటరు, కాగితాలు, ఫోను లేని ఇద్దరు ముగ్గురికి మామూలు స్మార్ట్‌ఫోన్లు, వాళ్ల పేరు మీదే సిమ్ము. ఈ పద్దులన్నీ కలిపినా ఇరవై ట్యాబుల ఖరీదు కాదు. మిగిలింది రెండో ఏడాది వేతనానికి బ్యాంకులో వేయండి. సిమ్ము మాత్రం భర్త పేరునో కొడుకు పేరునో తీయించవద్దు. ఓటీపీ ఎవరి ఫోనుకు వస్తే ఖాతా వాళ్ల చేతిలో ఉన్నట్టే.